సెంటరింగ్ తీయగానే ఆరింటిలో ఐదు కమానులు కూలాయి. పిల్లలకి చేత్తో కట్టించి నేర్పడం ఎలా?

వశిష్ఠ_గట్టు
ఆర్కిటెక్చర్ రెండో ఏడు పిల్లలకి స్ట్రక్చర్స్ చెప్తాను. ఈసారి కమాను పాఠం బోర్డు మీద బొమ్మలతో సరిపెట్టకుండా చేత్తో కట్టించాలని పట్టుబట్టాను. 36 మంది, ఆరుగురేసి ఆరు జట్లు. జట్టుకో అర్ధవృత్తం కమాను. చెక్క అచ్చుల్లో సిమెంటు, ఇసుక కలిపి 15 దిమ్మలు పోసుకోవాలి. మధ్యలో సున్నం, ఫెవికాల్, ఏదీ ఉండకూడదు. థర్మాకోల్‌తో సెంటరింగ్ (కమాను పూర్తయ్యేదాకా కింద నుంచి మోసే ఆధారం) చేసుకుని, దాని మీద పొడిగా పేర్చి, అందరి ముందూ సెంటరింగ్ లాగెయ్యాలి.

మూడు వారాలు పట్టింది. క్లాసులయ్యాక కూడా ఉండి దిమ్మలకి ఎమెరీ కాగితం పట్టి అరగదీశారు పాపం. చూపించే రోజు మిగతా మేష్టార్లు, మొదటి ఏడు పిల్లలు, ఆఫీసు వాళ్ళు అందరూ వచ్చారు. మొదటి జట్టు సెంటరింగ్ లాగింది, కమాను దబ్బున పడింది. రెండోదీ అంతే. ఆరింటిలో ఐదు పడ్డాయి. నిలబడింది ఐదో జట్టుది ఒక్కటే. అదెందుకు నిలబడిందో వాళ్ళకీ తెలీదు, నాకూ అంతుపట్టలేదు. ఒకమ్మాయి అక్కడే ఏడ్చేసింది.

తోటి మేష్టారొకాయన "కంప్యూటర్లో గంటలో తేలేదానికి మూడు వారాలు తగలేశారు" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవట్లేదు. తప్పెక్కడ జరిగింది? మీలో ఎవరైనా ఇలా కట్టించి ఉంటే ఎలా చేయించారో చెప్పండి.

మూడో_ఏడు
మేడమ్, మీరు మా కాలేజీలో ఉంటే బాగుండేది. మాకు కమాను అంటే పరీక్షలో బొమ్మే. కీ స్టోన్ (నడినెత్తి రాయి) ఎక్కడ, స్ప్రింగర్ (పాదం దగ్గరి మొదటి రాయి) ఎక్కడ అని బాణాలేసి పేర్లు రాస్తే అయిపోయింది.

తూముపక్క_ఇల్లు
ఐదో జట్టు ఏదో ఒకటి వేరేగా చేసుంటుంది. ముందు అది కనుక్కోండి.

కాకినాడ_కాలమ్
స్ట్రక్చరల్ ఇంజనీరుని. మూడు సంగతులు చెప్పండి. దిమ్మ మందం ఎంత? దిమ్మ నడిమధ్య వరకు కొలిస్తే వ్యాసార్థం ఎంత? పాదాల దగ్గర ఏం ఆపు పెట్టారు? వీడియో ఉంటే ఇంకా మంచిది, పడేటప్పుడు ఏ అతుకు ఎటు తెరుచుకుందో చూడాలి.

పిక్సెల్_పెంకుటిల్లు
మీ తోటి మేష్టారి మాట తీరు బాగాలేదు గానీ అందులో విషయం ఉంది. నేనూ పాఠాలు చెప్పేవాడినే. మాకు వారానికి మూడు గంటలు, సెక్షన్‌కి 60 మంది. రైనో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ఫైలు చేసిస్తే పిల్లాడు మందం తగ్గిస్తూ, ఎత్తు పెంచుతూ బలం పోయే గీత (దిమ్మల్లోంచి బరువు పాదాలకి దిగే దారి) ఎలా కదులుతోందో కళ్ళారా చూస్తాడు. గంటలో యాభై కమానులు కూల్చి చూడొచ్చు. మీ పిల్లలు మూడు వారాల్లో ఒక్కో కమానే చూశారు.

తాపీ_ఇల్లు
మా నాన్న తాపీ మేస్త్రండి, ఆయన చెప్తుంటే నేను టైపు చేస్తున్నాను. ఆయన మాటలే ఇవి:

"ఆయ్, థర్మాకోలు లాగితే కమాను నిలబడదమ్మా. లాగేటప్పుడు ఒక పక్క దిమ్మని పట్టుకుని ఈడుస్తది. మా చిన్నప్పుడు గుమ్మాల మీద కమాను కట్టాలంటే కింద పొడి ఇటుక పేర్చి, దాని పైన బంకమట్టి మెత్తి, తడిచేత్తో రాచి గుండ్రం తెచ్చేవోళ్ళం. దాని మీద ఇటుక, గానుగ సున్నం. తీసేటప్పుడు కింద నుంచి ఇటుకలు ఒక్కోటీ, ఈ పక్కొకటి ఆ పక్కొకటి తీసేవోళ్ళం. చెక్క సెంటరింగ్ అయితే కింద రెండేసి ఏటవాలు చెక్కముక్కలు ఎదురెదురుగా పెట్టి, సుత్తితో చిన్నగా కొడుతూ సన్నంగా దించాలి. కమాను తన బరువు తాను మెల్లిగా ఎత్తుకోవాలి. ఒక్కసారి మీద పడేస్తే ఎట్టా మోస్తది?"

పాదాల దగ్గర ఏం పెట్టారో అడగమంటున్నారు ఆయన కూడా.

వశిష్ఠ_గట్టు
@కాకినాడ_కాలమ్ దిమ్మ మందం 2.5 సెం.మీ., వ్యాసార్థం 30, వెడల్పు 10. పాదాల దగ్గర రెండు పక్కలా నాలుగేసి ఇటుకలు పెట్టాం, కింద టైల్స్ గచ్చు. మొదటి ఏడు అబ్బాయి ఒకడు ఫోన్‌లో స్లో మోషన్ తీశాడు. నిన్న రాత్రి ఓ ఇరవైసార్లు చూసుంటాను. పాదాల ఇటుకలు ముందు కదల్లేదు. నడినెత్తిన దిమ్మల మధ్య సందు కింద వైపు తెరుచుకుంది. అదే సమయంలో భుజాల దగ్గర, సగం ఎత్తుకి కాస్త పైన, సందు బయటి వైపు తెరుచుకుంది. నెత్తి కిందికి కుంగింది, భుజాలు బయటికి పొడుచుకొచ్చాయి. అన్నీ విడిపోయి పడటం ఆ తర్వాతే.

@తాపీ_ఇల్లు నాన్నగారికి నమస్కారాలు చెప్పమ్మా. తీసే పద్ధతి మాకెవరూ చెప్పలేదు.

@తూముపక్క_ఇల్లు ఐదో జట్టుని అడిగాను. గోడలో కమానులా కనపడాలని రెండు భుజాల మీదా చిన్న ఇసుక సంచులు సర్దారట. అందం కోసమే పెట్టారట.

కాకినాడ_కాలమ్
మేడమ్, మీ కూలిన ఐదు కమానులూ చాలా సరిగ్గా కూలాయి. మీ పిల్లల పనితనంలో లోపం లేదు. మీరు చెప్పిన కొలతలకి ఆ కమాను సెంటరింగ్ ఎంత నిదానంగా దించినా నిలబడదు.

కారణం చెప్తాను. పొడిగా పేర్చిన అర్ధవృత్తం కమాను తన బరువు తాను మోయాలంటే మందం వ్యాసార్థంలో కనీసం 0.107 వంతు ఉండాలి. 30కి 3.2 సెం.మీ. అవుతుంది. మీది 2.5, అంటే 0.083. లోపల బలం పోయే గీత గుండ్రంగా ఉండదు, వేలాడదీసిన గొలుసుని తిరగేసినట్టుంటుంది. ఆ గీతని ఇముడ్చుకునేంత మందం మీ అర్ధవృత్తానికి లేదు. నడినెత్తిన గీత పై అంచుకి ఎక్కేస్తుంది, భుజాల దగ్గర లోపలి అంచుకి దిగిపోతుంది, పాదాల దగ్గర మళ్ళీ బయటి అంచుకి పోతుంది. గీత అంచుని తాకిన చోట అతుకు తలుపు బందులా పనిచేస్తుంది, ఎదురు వైపు సందు తెరుచుకుంటుంది. మీరు వీడియోలో చూసింది అచ్చంగా ఇదే. భుజం బందు నడినెత్తి నుంచి సుమారు 54 డిగ్రీల దగ్గర పడుతుంది. మీ వీడియో ఆపి కోణమాని పెట్టి చూడండి.

ఐదో జట్టు ఇసుక సంచులు అందం కోసం పెట్టినా చేసిన పని పెద్దది. భుజాలు బయటికి పొడుచుకు రాకుండా అదిమి పట్టాయి. పాత వంతెనల్లో కమాను భుజాల మీద రాళ్ళూ సున్నం నింపడం అందుకే. ఆ సంచులు ఒక్కొక్కటే తీస్తూ చూడమనండి పిల్లల్ని, ఎక్కడ పడుతుందో. అంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేను.

మూడో_ఏడు
నాలుగు సంవత్సరాలకి సరిపడా స్ట్రక్చర్స్ ఒక్క పోస్టులో చదివాను.

కొబ్బరి_మట్ట
ఇంత గొడవెందుకు, అతుకుల్లో కాస్త ఫెవికాల్ రాస్తే నిక్షేపంలా నిలబడేది కదా.

కాకినాడ_కాలమ్
@కొబ్బరి_మట్ట నిలబడేది. అదే నష్టం. రాయి, ఇటుక, సున్నం నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటాయి, లాగితే ఓర్చుకోవు. జిగురు ఆ లాగుడు తాను భరిస్తుంది. పిల్లాడికి ఆకారంలో ఉన్న తప్పు కనపడదు. సరైన ఆకారానికి, తప్పుడు ఆకారానికి ఒకే మార్కులు పడతాయి.

నారికేళం_అత్తమ్మ
నేను ఇంజనీరుని కాదు, ఇంట్లో ఎనిమిదో క్లాసు పిల్లాడున్నాడు. ఈ చర్చ చదివి వాడికి కంద ముక్కలతో కట్టి చూపించాను. పెద్ద కంద దుంప గుండ్రంగా చక్రంలా కోసి, మధ్య గుండ్రం తీసేసి, సగానికి చీల్చి, తొమ్మిది ముక్కలు చేశాను. గిన్నె బోర్లించి దాని మీద పేర్చి, గిన్నె మెల్లిగా జరిపాను. నిలబడింది! వాడు పై నుంచి వేలు పెట్టి నొక్కుతుంటే ముక్కలు ఇంకా బిగుసుకున్నాయి. "అమ్మా, బరువు పెడితే గట్టిపడుతోందేంటే" అన్నాడు. చేతులు రెండు గంటలు దురద పెట్టాయి, చింతపండు రాసుకున్నాను. సాయంత్రం కంద బచ్చలి కూర.

తూముపక్క_ఇల్లు
@నారికేళం_అత్తమ్మ కంద ముక్క మందంగా కోసుంటారు, అందుకే నిలబడింది. కూరకి కోసినంత సన్నగా కోస్తే కాకినాడ ఆయన చెప్పినట్టు పడేది.

పిక్సెల్_పెంకుటిల్లు
చూశారా, 0.107 అన్న లెక్క తెలిసిన మనిషి ఒక్క పోస్టులో తేల్చాడు. అదే నా మాట. లెక్క ముందు, ఆట తర్వాత. పిల్లలు మూడు వారాలు తప్పు కొలతతో కష్టపడ్డారు.

వశిష్ఠ_గట్టు
@పిక్సెల్_పెంకుటిల్లు మందం తప్పు నాదే, ఒప్పుకుంటాను. కొలతలు ఇచ్చింది నేను. కానీ ఈ రోజు క్లాసులో వీడియో వేశాను. "ఏ సందు ఎటు తెరుచుకుంది" అని అడిగితే 36 మందీ బోర్డు దగ్గరికొచ్చి కొట్టుకున్నారు. నడినెత్తి సందు కిందికి తెరుచుకుందని ఒకడు, కాదు పైకని ఒకడు. ఆఖరికి ఆ ఏడ్చిన అమ్మాయి వచ్చి, నాలుగు పుస్తకాలు నిలబెట్టి ఒకదానికొకటి ఆనించి, ఎటు తెరుచుకుంటాయో చూపించింది. ఇన్నేళ్ళలో నా స్ట్రక్చర్స్ క్లాసులో పిల్లలు ఇలా కొట్టుకోవడం నేను చూడలేదు.

అంతర్వేది_అలలు
గొలుసు తిరగేయడం అన్నారు కదా, దాని గురించి నాకు తెలిసింది చెప్తాను. నేను మెరైన్ సర్వేలో పని చేస్తాను, ఇంట్లో వాళ్ళంతా చేపల వేట.

1670ల్లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ రహస్యాన్ని లాటిన్ అక్షరాలు కలగాపులగం చేసి పజిల్‌లా అచ్చు వేయించాడు, ఇంకొకరు కొట్టేయకుండా. ఆయన 1703లో పోయాక 1705లో అది విప్పారు. వేలాడే తీగ ఎలా వేలాడుతుందో, తిరగేస్తే గట్టి కమాను అలా నిలబడుతుంది అని దాని సారాంశం. 1748లో ఇటలీలో పొలేని అన్నాయన రోమ్ సెయింట్ పీటర్స్ గుమ్మటానికి బీటలొస్తే గొలుసు వేలాడదీసి చూశాడు. గుమ్మటంలో ఏ భాగం ఎంత బరువో గొలుసులో ఆ చోట అంత బరువు కట్టాడు. గీత గుమ్మటం మందంలోనే ఉందని తేలింది. అయినా చుట్టూ ఇనప పట్టీలు వేయమన్నాడు. స్పెయిన్‌లో గౌడీ అనే ఆర్కిటెక్టు అయితే చర్చి మొత్తం తాళ్ళతో తలకిందులుగా వేలాడదీసి, సీసపు గుళ్ళ సంచులు కట్టి, ఫోటో తీసి తిరగేసి చూసుకున్నాడు. దాని మీద ఏళ్ళ తరబడి పని చేశాడు.

మేడమ్, సీసపు గుళ్ళకి మీరెక్కడికీ పోనక్కర్లేదు. మా దగ్గర విసురు వల అంచుకి కట్టేవి అవే. అన్నీ ఒకే బరువు, మధ్యలో బెజ్జం ఉంటుంది, దారం దూర్చెయ్యొచ్చు. గోడకి రెండు మేకులు కొట్టి, వెడల్పు 60 సెం.మీ. పెట్టి, దారానికి సమాన దూరాల్లో గుళ్ళు కట్టి వదిలేయండి. వెనక చార్టు అంటించి గీత గీసుకుని తిరగేస్తే మీ కమాను ఆకారం వచ్చేస్తుంది. ఒక చోట రెండు గుళ్ళు ఎక్కువ కట్టి చూడండి, దారం అక్కడ ఎలా కొసదేరుతుందో. పైన ఏదైనా పెద్ద బరువు వస్తే కమాను ఎలా ఉండాలో అదే చెప్తుంది. మా తాతకి చూపిస్తే "వల ఆరేస్తే రోజూ చూసేదే కదరా" అన్నాడు.

కొబ్బరి_మట్ట
ఫెవికాల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

అంతర్వేది_అలలు
@కొబ్బరి_మట్ట నర్సాపురంలో వల సామాన్ల కొట్లలో కిలోల లెక్కన అమ్ముతారు. సీసం కాబట్టి పట్టుకున్నాక పిల్లలు చేతులు కడుక్కోవాలి, అది మాత్రం గట్టిగా చెప్పండి.

లాకు_సూపర్వైజర్
ఇరిగేషన్ శాఖలో పని చేసి రిటైరయ్యాను. ఇంత దూరం ఇటలీ, స్పెయిన్ వెళ్ళారు, గన్నవరం గుర్తు రాలేదా ఎవరికీ?

వైనతేయ గోదావరి మీద పి.గన్నవరం పాత అక్విడెక్టు, అంటే కాలవని నది దాటించే వంతెన. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది, ఆ రోజుల్లోనే నగరం అనే లంకకి కాలవ నీళ్ళు పట్టుకెళ్ళాలంటే మధ్యలో నదీపాయ అడ్డం. కాటన్ దొర కింద పని చేసిన హెయిగ్ అనే కుర్ర ఇంజనీరు నది మీదుగా కాలవని కమానుల మీద నడిపించాడు. 49 కమానులు, ఒక్కోటి 40 అడుగుల వెడల్పు. పైన నీళ్ళు, కింద నది. మా నాన్న సైకిలు మీద నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు. కింద పడవలో పోతూ తలెత్తితే ఒక కమాను వెనక ఒక కమాను, నీళ్ళలో వాటి నీడలతో కలిసి గుండ్రాలు గుండ్రాలుగా కనపడేవి.

మీ పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కమాను పాదాన్ని బయటికి తన్నుతుంది కదా, మరి నది మధ్యలో ఉన్న ఆ సన్నటి స్తంభాలు ఎలా తట్టుకున్నాయి? జవాబు: ఈ పక్క కమాను ఇటు తంతుంది, ఆ పక్క కమాను అటు తంతుంది. రెండూ ఒకే కొలత కాబట్టి చెల్లుకు చెల్లు. స్తంభం మీద మిగిలేది కిందికి దిగే బరువే. చివర్న ఉన్న రెండు గట్లకే అసలు తన్ను. అందుకే చివరి గట్లు అంత బలంగా ఉంటాయి. క్లాసులో మూడు కమానులు వరసగా కట్టించండి, సన్నటి స్తంభాల మీద. తర్వాత ఒక చివరిది తీసేయమనండి. ఏం జరుగుతుందో చూస్తే, కట్టేటప్పుడు ఆ దొరలు ఎన్ని కమానుల సెంటరింగ్ ఒకేసారి పట్టుకుని ఉండాలో పిల్లలకే తెలుస్తుంది.

బిక్కవోలు_బండ
మన ఊళ్ళలో ఇంకో సంగతుంది. బిక్కవోలు గుళ్ళు, ద్రాక్షారామం, ఎక్కడ చూసినా స్తంభం మీద దూలం, దూలం మీద బండ. మన గుడి శిల్పులు కమాను ముట్టుకోలేదు. పైకి పోయేకొద్దీ రాయిని కాస్త కాస్త ముందుకి జరుపుతూ మూసేశారు. పక్కకి తన్నే బాధే లేదు, బరువంతా కిందికే. పిల్లలతో కమాను కంటే ముందు ఇది చేయించండి. ఒకే కొలత ఇటుకలు నాలుగు తీసుకుని జిగురు లేకుండా బల్ల అంచు దాటి ఎంత ముందుకి జరపగలరో పోటీ పెట్టండి. పై ఇటుక సగం, దాని కిందది పావు, తర్వాత ఆరో వంతు, ఎనిమిదో వంతు. లెక్కలో నాలుగో ఇటుకకే పైది పూర్తిగా బల్ల దాటి పోతుంది. కింద ఏమీ లేకుండా ఇటుక గాల్లో ఉంటుంది. నా ఫేవరెట్ ఆట ఇది.

మూడో_ఏడు
హాస్టల్లో ఇప్పుడే పేకముక్కల డబ్బాలతో చేశాం @బిక్కవోలు_బండ. మూడో ప్రయత్నంలో వచ్చింది. లెక్క ప్రకారం పెడితే ఊపిరి తగిలినా పడుతోంది, ఒక్కోటి కాస్త వెనక్కి జరిపి ఐదు డబ్బాలు వాడితే నిలబడుతోంది.

కొవ్వూరు_రేవు
మరి మన ఆర్చ్ బ్రిడ్జి? కొవ్వూరు–రాజమండ్రి రైలు వంతెన, 1997లో రైళ్ళు మొదలయ్యాయి, 28 కమానులు. దానికి చివర్న పెద్ద గట్లేవీ లేవే, స్తంభాలు మామూలుగానే ఉంటాయి. పైగా కమాను దారికి పైన ఉంటుంది.

కాకినాడ_కాలమ్
@కొవ్వూరు_రేవు మంచి ప్రశ్న. అది విల్లు, నారి పద్ధతి. కమాను పాదాలు బయటికి తన్నకుండా రైలు పోయే దారే నారిలా లాగిపట్టి ఉంచుతుంది. తన్ను అక్కడికక్కడే చెల్లిపోతుంది, కింద స్తంభానికి నిలువు బరువు మాత్రమే చేరుతుంది. మన దగ్గర నది అడుగున ఇసుక, ఒండ్రు. లోతుగా బావి పునాదులు దించాలి. అలాంటి పునాది మీద పక్కకి తన్నే కమాను పెట్టడం కష్టం, ఖర్చు. గన్నవరంలో పక్క కమాను సాయంతో నెట్టుకొచ్చారు, ఇక్కడ నారితో.

పిల్లలకి చూపించాలంటే వెదురు బద్ద వంచి నున్నటి బల్ల మీద నిలబెట్టి పైన నొక్కమనండి, కాళ్ళు బార్లా చాపుతుంది. రెండు కొసలకీ పురికొస కట్టి మళ్ళీ నొక్కమనండి. ఆ పురికొసని వేలితో మీటితే బరువు పెరిగేకొద్దీ మోత మారుతుంది.

పాత హేవ్‌లాక్ వంతెనతో పోల్చి చూపిస్తే ఇంకా మంచిది. 1900 నాటిది, 56 ఖానాలూ ఇనప గిర్డర్లే, ఒక్క కమానూ లేదు. ఒకే నది మీద, ఒకే రేవులో నిలబడి రెండూ చూడొచ్చు.

పిక్సెల్_పెంకుటిల్లు
సరే, మీటితే మోత మారడం నా ఫైలులో లేదు, ఒప్పుకున్నాను. కానీ నా ఇబ్బంది అలాగే ఉంది. మనిషికో కమాను అంటే 60 మందికి 900 దిమ్మలు ఎవరు పోయిస్తారు, ఎక్కడ పెడతారు?

తాపీ_ఇల్లు
నాన్న అంటున్నారు: "900 ఎందుకు బాబూ, ఒక సెట్టు పోసి ఉంచు. ఏటేటా అయ్యే వాడుకోవచ్చు. విరిగినయ్యి మళ్ళా పోసుకో."

వశిష్ఠ_గట్టు
పదిహేను రోజుల తర్వాత వస్తున్నాను.

ఈసారి అందరికీ కలిపి రెండే సెట్లు పోశాం, మందం 4 సెం.మీ. ఒక్కో దిమ్మ బయటి అంచు 6.7, లోపలి అంచు 5.85. ఎవరైనా చేయించాలనుకుంటే ఇవే కొలతలు వాడుకోండి, 15 దిమ్మలతో 30 వ్యాసార్థం అర్ధవృత్తం కచ్చితంగా మూసుకుంటుంది. సెంటరింగ్ చెక్కతో చేయించాం, కింద మేస్త్రిగారు చెప్పినట్టు ఎదురెదురు ఏటవాలు ముక్కలు. వాళ్ళ జట్టు తరఫున ఆ ఏడ్చిన అమ్మాయే సుత్తి పట్టుకుంది. ఒక్కో దెబ్బకి సెంటరింగ్ వెంట్రుకవాసి దిగుతోంది. ఐదో దెబ్బకో ఆరో దెబ్బకో దిమ్మలన్నీ ఒక్కసారి "టక్" మని సర్దుకున్నాయి. సెంటరింగ్‌కీ దిమ్మకీ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు వచ్చింది. అంతే, నిలబడిపోయింది. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఆ అమ్మాయి కాగితం ముక్క ఆ సందులో ఈ చివర నుంచి ఆ చివరకి లాగి చూపించింది.

తర్వాత పాదాల తన్ను కొలిచాం. ఒక పాదం గోడకి ఆనించి, రెండో పాదాన్ని చిన్న చెక్క మీద పెట్టి, కింద గుండ్రటి పెన్సిళ్ళు వేసి, రెండు పాదాలకీ తాడు కట్టి, మధ్యలో సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు తగిలించాం. కమాను మొత్తం ఎనిమిది కిలోల లోపు. త్రాసు ఒకటిన్నరకి కాస్త అటూ ఇటూగా చూపించింది. @కాకినాడ_కాలమ్ ఇది సరైనదేనా?

ఒక పొరపాటు కూడా చెప్పాలి. రెండో సెట్టుకి త్రాసు లేకుండా వట్టి ఇటుకలే ఆపుగా పెట్టాం, గచ్చు తుడిచి ఇంకా ఆరలేదు. ఇటుక జారింది, కమాను పడింది. పక్కనున్న అబ్బాయి బొటనవేలు గోరు కమిలింది. ఇక నుంచి బూట్లు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వను, కింద గోనెసంచి పరుస్తాను.

కాకినాడ_కాలమ్
సరైనదే మేడమ్. అర్ధవృత్తానికి తన్ను మొత్తం బరువులో ఐదో వంతుకి కాస్త తక్కువగా రావాలి. ఎనిమిది కిలోలకి ఒకటిన్నర అంటే పెన్సిళ్ళ మీద చేసిన కొలతకి నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు ఇదే 60 వెడల్పుతో ఎత్తు 10 సెం.మీ. మాత్రమే ఉండే చదును కమాను కట్టించండి. బరువుని వెడల్పుతో గుణించి, ఎనిమిది రెట్ల ఎత్తుతో భాగిస్తే తన్ను సుమారుగా వస్తుంది. బరువులో ముప్పావు వంతు! ఎత్తు తగ్గేకొద్దీ పాదం ఎంత గట్టిగా తంతుందో త్రాసు మీద చూస్తారు. ముందు గచ్చు ఆరనివ్వండి.

పిక్సెల్_పెంకుటిల్లు
ఆ పెన్సిళ్ళు, త్రాసు ఏర్పాటు ఫోటో పెట్టండి మేడమ్. ఒక్క సెట్టు నేనూ పోయిస్తాను. ముందు ఫైలులో చూపిస్తాను, తర్వాత ఇది. ఆ వరస మాత్రం మార్చుకోను.

వశిష్ఠ_గట్టు
@పిక్సెల్_పెంకుటిల్లు మేం ముందు కట్టి, తర్వాత లెక్క. రెండు క్లాసుల పిల్లల్నీ ఏడాది చివర ఒక చోట కూర్చోబెట్టి అడుగుదాం, వస్తారా?

పిక్సెల్_పెంకుటిల్లు
వస్తాను. త్రాసు నేను తెస్తాను.

నారికేళం_అత్తమ్మ
ఆ అబ్బాయి వేలికి ఎలా ఉంది?

వశిష్ఠ_గట్టు
తగ్గిందండి. నిన్న వాడే గోనెసంచి పరిచాడు.

@లాకు_సూపర్వైజర్ సార్, వచ్చే ఆదివారం పిల్లల్ని గన్నవరం తీసుకొస్తున్నాం, బస్సు మాట్లాడాను. మూడు కమానులు వరసగా కట్టి ఒకటి తీసేసే పని అక్విడెక్టు చూశాక చేయిద్దామనుకుంటున్నాను. మీరు గట్టు మీద ఉండి ఆ చివరి కమాను దగ్గర పిల్లలకి రెండు మాటలు చెప్పగలరా?

లాకు_సూపర్వైజర్
తప్పకుండా అమ్మా. పొద్దున్నే రండి, తొమ్మిది దాటితే ఎండ. కొత్త అక్విడెక్టు మీద నుంచి పాత కమానులు వరసగా కనిపిస్తాయి, ముందు అక్కడ ఆపుదాం. పొడుగు తాడు, గుళ్ళు పట్టుకురండి. తాడు వేలాడదీసి దూరం నుంచి ఆ కమానుల మీదకి సరిచూద్దాం, ఎంతవరకు కలుస్తుందో.

అంతర్వేది_అలలు
గుళ్ళు నేను పట్టుకొస్తాను. తాతని కూడా తీసుకురానా?

వశిష్ఠ_గట్టు
తప్పకుండా తీసుకురండి. వల కూడా.